మూడు వందల అడుగుల నిద్ర

లంగరు వేసిన పడవలో నాకు నిద్ర పట్టదని మీకు తెలుసు. తెలియకపోతే మా ఆవిడ సిగ్రిడ్ ఇంకా మీ దాకా రాలేదన్నమాట. పోయిన వేసవిలో రాత్రికి ఆరుసార్లు లేచి, టార్చి పట్టుకుని, లంగరు జారుతోందేమోనని చూసొచ్చేవాణ్ణి. అది ఒక్కసారీ జారలేదు. వెళ్లేటప్పుడల్లా ఆవిడ కాలు మాత్రం తొక్కాను.

ఈ ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది.

“ఆర్విడ్, ఈసారి ఒక్క రాత్రి లేచావంటే, మర్నాడే ఫెర్రీ ఎక్కి అనకోర్టెస్‌లో ఇంటికి వెళ్లిపోతా. నువ్వూ నీ లంగరూ కాపురం చేసుకోండి.”

“అయితే లంగరుకి మొత్తం గొలుసే వేయిద్దాం. మూడు వందల అడుగులు. తాడన్నదే వద్దు.”

“అంత ఇనుము ముందు పెడితే పడవ దున్నపోతులా ముక్కు దించి నీళ్లు తాగుతుంది. నాకు వాంతులు. నూట యాభై గొలుసు, దాని వెనక నైలాన్ తాడు. అంతే.”

“తాడు రాళ్లకి ఒరుసుకుని తెగుతుంది.”

“రాళ్ల మీద ఉండేది గొలుసు. తెగేది నా ఓపిక.”

సరేనన్నాను. భయానికి ఎంత నచ్చజెప్పినా తలూపుతుంది, తర్వాత తన పని తను చేసుకుంటుంది. మర్నాడు తుప్పు లాయిడ్ పడవ సామాన్ల కొట్టుకి వెళ్లి (తుప్పు రంగు అతని మీసానిదే, సరుకుది కాదు) మూడు వందల అడుగుల గొలుసు రహస్యంగా చెప్పొచ్చాను.

అది వచ్చే రోజు పొద్దున్నే పాత లంగరు ఎత్తబోయి నడుం పట్టేసింది. గొలుసు ఎక్కించే పని సిగ్రిడ్ మీద పడింది.

“నువ్వు చెప్పినట్టే తెచ్చాడులే, కొలవకు,” అన్నాను పడుకునే.

“నాకేం పని?” అంది.

గొలుసు గలగలా లోపలికి దిగడం విన్నాను. చాలాసేపు దిగింది. ఆవిడకి అనుమానమే రాలేదని జాలేసింది కూడా.

ఉత్తరానికి బయల్దేరాం. పదిహేడు రాత్రులు గుర్రుపెట్టి నిద్రపోయాను. సిగ్రిడ్ నా వంక ముద్దుగా చూసేది.

పద్దెనిమిదో సాయంత్రం ఒక లోతైన చిన్న అఖాతంలో ఆగాం. అరవై అడుగుల నీళ్లు, లోతుకి నాలుగు రెట్లు పొడవు వదలాలి. పక్క పడవలో ముసలాయన లేచి నిలబడి, ఎవరైనా అడిగేదే అడిగాడు.

“మీది గొలుసా, తాడా? తాడైతే గాలికి ఎక్కువ దూరం తిరుగుతారు, నేను జరుగుతాను.”

“మొత్తం గొలుసే!” అని అఖాతమంతా వినబడేలా చెప్పాను. ఆయన నిశ్చింతగా కూర్చుని కాఫీ పోసుకున్నాడు.

లంగరు దించే మీట నొక్కాను. యాభై అడుగులు, వంద, నూట యాభై. తర్వాత తెల్లటి తాడు బయటికొచ్చింది. ఆపకుండా వస్తూనే ఉంది.

“సిగ్రిడ్! ఇదేమిటి?”

“తాడు,” అంది చుక్కాని దగ్గర్నుంచి.

“నేను చెప్పింది మూడు వందలు!”

“తెలుసు. పడవలో ఇంత పడుతుందా అని లాయిడ్ నాకు ఫోన్ చేశాడు. సగం కోసి తాడు కలపమన్నాను.”

“మరి ఆ రోజు అంతసేపు చప్పుడైంది?”

“ఒకసారి పోసి, బయటికి లాగి, మళ్లీ పోశాను. నీ నిద్ర కోసం ఆ మాత్రం చేయలేనా?”

పదిహేడు రాత్రులు నేను పడుకున్నది ఒక చప్పుడు మీద. అయినా ఊరుకోలేదు.

“ఇంతవరకూ ఆగిన అన్నిచోట్లా లోతు తక్కువ. అక్కడ కింద ఉన్నదంతా గొలుసే. అందుకే నిద్రపట్టింది!”

“ఆహా. అంటే నూట యాభై చాలిందిగా. మిగతాది ఎందుకు చెప్పొచ్చావు?”

నేను మీట వదిలి, తాడు కట్టేశాను.

“రాత్రికి లేస్తావా?” అంది.

“లేవను.”

“సరే. ముందు ఆ పెద్దాయనకి నిజం చెప్పు. జరగాల్సింది ఆయన.”

నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాను. “సారీ అండీ! సగం తాడే!”

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. “మరి ఇందాక చెప్పారు కాదేం?”

“నాకూ ఇప్పుడే తెలిసిందండీ.”

ఆయన నన్ను చూశాడు, చుక్కాని దగ్గరున్న సిగ్రిడ్‌ని చూశాడు. ఇంకేమీ అడక్కుండా, లోపలున్న వాళ్లావిణ్ణి పిలిచి, తన లంగరు ఎత్తడం మొదలుపెట్టాడు.