బ్రూనో నుదుటి మీద శొంఠి పట్టు

కుక్కలకు తలనొప్పి వస్తుంది! వచ్చి తీరుతుంది! రాదని వాదించేవాళ్లు ఒకసారి జమ్మలమడుగు రండి, మా పక్కింటి బ్రూనోను చూపిస్తాను. కుక్కకు తలనొప్పి రావడం ఆ ఇంటి ఇల్లాలి అదృష్టమని కూడా నిరూపిస్తాను.

బ్రూనో మా పక్కింటి నారాయణ పెంచుకునే లాబ్రడార్. నారాయణకు పెద్దముడియంలో పొలాలున్నాయి, పులివెందుల దాకా బంధువులున్నారు, హాల్లో గోడంత టీవీ ఉంది. తెల్లారితే చాలు, అందులో నలుగురు రాజకీయాల మీద అరుస్తుంటారు. వాళ్లకు తీసిపోకుండా ఇంటికొచ్చిన పెద్దమనుషులు అరుస్తుంటారు. ఈ రెండు జట్ల మధ్యా కాఫీలు మోసే భార్య ప్రమీలమ్మకు ఏళ్ల తరబడి తలనొప్పి.

కానీ అది మనిషి తలనొప్పి. దానికేం విలువ? ఆమె నుదుటికి శొంఠి పట్టు వేసుకుని, తలకు గుడ్డ బిగించి తాలింపు పెడుతుంటే హాల్లోంచి మాట వచ్చేది.

"ఏంది మే, మళ్లా మొదలుపెట్టినావా? ఆ ఫోను చూడొద్దంటే వింటావా?"

ఆమెది పాత బటన్ల ఫోనని ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు.

అలాంటిది, ఒకరోజు బ్రూనో అన్నం ముట్టలేదు. మంచం కింద దూరింది. తల నిమరబోతే మూలిగింది. అంతే! టీవీ వాళ్లను మాట మధ్యలో వదిలేసి నారాయణ కారు తీశాడు. కుక్కను పట్టుకోవడానికి ప్రమీలమ్మ వెనక సీట్లో కూర్చుంది.

ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు మసరత్ మేడం చూసి చెప్పింది. "చెవిలో చీము పట్టిండాదప్పా. తల కూడా నొస్తాంటాది. నోరులేని జీవం, అది చెప్పుకోలేదు, మనమే కనిపెట్టాల. వెలుతురు పడదు, చప్పుడు పడదు, మూలకు పోయి పండుకుంటాది. కొన్నాళ్లు టీవీ ఆపి, గది చీకటి చేసి, ఎవరూ ఇసిగించకుండా చూసుకోండి."

నారాయణ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపం, ఎంత బాధ పడతాండాదో!"

ప్రమీలమ్మ ఆ లక్షణాలన్నీ శ్రద్ధగా వింది. అన్నీ తనవే.

ఇక చూడండి వైభవం! టీవీ మూగబోయింది. కిటికీలకు దుప్పట్లు పడ్డాయి. పెద్దమనుషులను "మెల్లగా మామా, బ్రూనోకు తలకాయ నొప్పి" అంటూ నారాయణ గేటు దగ్గరి నుంచే సాగనంపాడు. కుక్క దగ్గర ఎవరో ఒకరుండాలి కదా? ఆ డ్యూటీ ప్రమీలమ్మకు పడింది. కుక్క పక్కనే చాప వేసుకుని పట్టపగలు హాయిగా నిద్రపోయింది. లేచేసరికి తలనొప్పి లేదు!

ఇంత మేలు ఏ మాత్ర చేస్తుంది? ఆవుకు, గేదెకు, కోడికి కూడా తలనొప్పి ఉందని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి! కుక్కలేని ఇళ్లకు రేషన్‌లో ఒక తలనొప్పి కుక్కను సరఫరా చేయాలి! మా ఆడవాళ్లు గండి ఆంజనేయస్వామికి ఇక మీదట "మా పిల్లికి తల నొచ్చేటట్టు చూడు సామీ" అని మొక్కుకోవాలి!

చెవి నయమైంది. బ్రూనో గంతులేసింది, టీవీ మళ్లీ అరిచింది. ప్రమీలమ్మ తల మళ్లీ పగిలిపోసాగింది. ఆమె శొంఠి అరగదీసింది. నుదుటి దాకా తెచ్చిన వేలు ఆపి, కాసేపు ఆలోచించి, ఆ పట్టును తీసుకెళ్లి బ్రూనో నుదుటికి పూసింది.

క్షణంలో టీవీ ఆగింది!

అప్పటినుంచి ఆమెకు తల నొచ్చినప్పుడల్లా పట్టు కుక్కకే. ఆ ఘాటుకు బ్రూనో తుమ్ముతుంది. తుమ్మితే నారాయణకు ఇంకా కంగారు.

మొన్న గోడ అవతల ఆయన వాపోవడం విన్నాను. "దీనికి ఎప్పటికి తగ్గుతాది మే?"

"నాకు తల నొస్తాందంటే ఒక్కసారన్నా నమ్మినావా?" అంది ప్రమీలమ్మ. "నన్ను డాక్టరు కాడికి తీసుకపోయిన రోజు దానికి తగ్గుతాది."

కారు తాళాలు గలగలమన్నాయి. "సరే, ఎక్కండి. మసరత్ మేడం శానా మంచి డాక్టరు. మీ ఇద్దరినీ ఒకేసారి చూపిస్తా."

నాకు నవ్వొచ్చి గోడ మీదుగా తొంగిచూశాను. ప్రమీలమ్మ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. కుక్కను ఎక్కించి, పక్కన తానూ కూర్చుంది.

"ఆయమ్మ కాడికే పోనీ," అంది. "నోరు లేనోళ్ల బాధ తెలిసింది ఆయమ్మకే."