ఎవరి కుర్చీ వారిది కాని ఆఫీసు

నిజామాబాద్‌లోని చెరుకు రైతుల సహాయ కేంద్రంలో ఇక మీదట ఎవరి కుర్చీ వారిది కాదని మేనేజరు జగన్మోహనరావు గారు సోమవారం ఉదయం ప్రకటించారు. అంతకుముందు ఎవరి కుర్చీలో వారు కూర్చునేవారని కాదు. కానీ ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిదో జనానికి తెలిసిపోయేది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే ఈ సంస్కరణ.

"దీన్ని హాట్ డెస్కింగ్ అంటారండీ," అన్నారాయన, హైదరాబాద్‌లో శిక్షణ పొంది వచ్చిన ఉత్సాహంతో. "ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. ఎదురుగా ఉన్న ఫోన్‌లో మీ నంబరు, పిన్ను నొక్కితే మీకొచ్చే కాల్స్ అక్కడికే వస్తాయి. సాయంత్రం మళ్లీ నొక్కి బయటికి రండి. ఈ ఆఫీసులో ఇకపై అందరూ సమానమే!"

అందరూ చప్పట్లు కొట్టారు. తెల్ల తువ్వాలు పరిచిన ఆయన కుర్చీ మాత్రం ఈ సమానత్వంలోకి రాదని ఎవరూ చెప్పకుండానే గ్రహించారు.

ఫోన్లు నేర్పే బాధ్యత సుమన మీద పడింది. మాక్లూర్ నుంచి బస్సులో వచ్చే ఈ అమ్మాయి తాత్కాలిక ఉద్యోగి. ఫోన్ల పథకం గెలిస్తే ఉద్యోగం పర్మనెంటు, ఓడితే ఇంటికి అని మేనేజరు గారు ఎంతో ఆప్యాయంగా చెప్పారు. ఇంటికి అంటే, అమ్మ పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం. అందుకే సుమన పనిలో ప్రాణం పెట్టింది. ఫోన్ ఎత్తేవారు లేనప్పుడు వినిపించాల్సిన మాటలు కూడా, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని తనే రికార్డు చేసింది: "నమస్కారం. మీ ఫోన్ మాకెంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి."

మేనేజరు గారు కళ్లు మూసుకుని విన్నారు. "ఈ గొంతు వింటుంటే జీవితాంతం వేచి ఉండాలనిపిస్తోందమ్మా," అన్నారు.

ఇక కుర్చీల సంగతి. బోధన్ బస్సు ఎక్కినవారికి ఖాళీ సీటును ఎలా సొంతం చేసుకోవాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. మరునాడు సీనియర్ ఉద్యోగి పరమేశ్వర్ లోపలికి రాకముందే ముఖం తుడుచుకునే దస్తీని కిటికీలోంచి విసిరాడు. అది ఫ్యాను కింది కుర్చీకి చేరింది. అందులో అప్పటికే రోజా కూర్చుని ఉంది.

"లెవ్వు చెల్లె, దస్తీ ఏసిన."

"నేను కూసున్నంక నా మీద ఏసినవన్నా!"

"నీ మీద పడ్డదంటే సీటు మీద పడ్డట్టే గదా."

వాదనలో న్యాయం ఉండటంతో రోజా లేచింది. ఇంకో రోజు గడిచేసరికి అన్ని కిటికీల్లోంచీ దస్తీలు ఎగరసాగాయి. తొందరలో ఒకాయన టిఫిన్ డబ్బా విసరగా, కుర్చీ ఆయనకు, పచ్చిపులుసు ఫోన్‌కు దక్కాయి. మేనేజరు గారు వెంటనే ఉత్తర్వు జారీ చేశారు: దస్తీ ఉతికినదై ఉండవలెను, మనిషికి ఒక్కటే చెల్లును, సెలవులో ఉన్నవారి దస్తీ కూడా సెలవులో ఉన్నట్టే భావించబడును.

సాయంత్రాలు మనుషులు ఇళ్లకు పోయేవారు కానీ, నంబర్లు పాత కుర్చీల దగ్గరే ఉండిపోయేవి. దాంతో రోజాకు ఆమె అత్త చేసిన ఫోన్ పరమేశ్వర్ ఎత్తాడు.

"చెల్లె, మీ అత్త వంకాయ వద్దు, చిక్కుడుకాయ తెమ్మన్నది."

"నువ్వేమన్నవన్నా?"

"వంకాయనే మంచిగుంటది అన్న. తిట్టింది."

సుమన సరిచేసింది. నంబర్లు సాయంత్రం వాటంతటవే బయటికి వచ్చేలా చేసింది. మర్నాడు పరమేశ్వర్ పిన్ను మర్చిపోయాడు. పిన్ను నొక్కలేదు కనుక ఫోన్ మోగలేదు. మోగలేదు కనుక ఆయన మధ్యాహ్నం దాకా హాయిగా కునుకు తీశాడు. ఆ విధంగా ఆఫీసుకు జ్ఞానోదయమైంది. తెల్లారేసరికి అందరూ పిన్నులు మర్చిపోయారు. దస్తీ మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

నంబరు నొక్కనివారి కాల్స్, నొక్కినవారికి మళ్లుతాయి. నొక్కేది సుమన ఒక్కతే. కనుక ఆమే పరమేశ్వర్, ఆమే రోజా, ఆమే సమస్త సిబ్బంది.

"పరమేశ్వర్ సారూ, గొంతు గిట్లయిందేంది? పడిశం పట్టిందా?" అని అడిగింది ఎడపల్లి నుంచి రేణుకమ్మ.

"నేను సుమననవ్వా."

"అయితే నువ్వే సెప్పు బిడ్డా. సెరుకు పూతకొచ్చి ఎండవట్టె. కొట్టి ఫ్యాక్టరీకి తోలే వంతు ఎప్పుడిస్తరు?"

"సారుతోని చెప్తనవ్వా."

చెప్పేది. పరమేశ్వర్ దస్తీతో ముఖం తుడుచుకుని "రేపు సూద్దాం," అనేవాడు. రేణుకమ్మ రేపు మళ్లీ చేసేది, ఎత్తే మనిషి ఒకరున్నందుకు సంతోషపడుతూ.

ఇంతలో పై ఆఫీసు నుంచి చక్రవర్తి గారు తనిఖీకి వచ్చారు. ఎవరు ఎత్తిన ఫిర్యాదు వారి పేరు మీదే నమోదయ్యే కంప్యూటర్ చూసి పులకించారు. "ఇంతమంది సిబ్బంది! ఒక్కరి మీద ఒక్క ఫిర్యాదు లేదు! రైతుల సంతృప్తికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అని ప్రసంగించి, హఠాత్తుగా ముఖం ముడిచారు. "ఈ సుమన ఎవరు? ఫిర్యాదులన్నీ ఈ అమ్మాయికే వస్తున్నాయేం?"

మేనేజరు గారు తల దించుకున్నారు. "కొత్త పిల్లండీ. నేర్చుకుంటుంది."

వారంలో ఫిర్యాదులు ఆగకపోతే ఆ అమ్మాయిని తీసేయాలని చక్రవర్తి గారు ఆదేశించి వెళ్లారు. పరమేశ్వర్ నిజంగానే జాలిపడ్డాడు.

"పిచ్చి బిడ్డా, నిన్ను ఎత్తమన్నది ఎవలు? నంబరు నొక్కకు. గంతే."

"మరి రేణుకవ్వ?"

"నీ రికార్డున్నది గదా. మంచిగ మాట్లాడినవ్ అండ్ల."

మర్నాడు బస్సులో సుమనకు దారి పొడవునా అమ్మ ఒళ్లోని చాటే కనిపించింది. ఆఫీసు చేరి, మొదటిసారి కిటికీలోంచి దస్తీ వేసింది. కూర్చుంది. వేలు ఫోన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని ఆఫీసుకు ఆ రోజే తెలిసింది.

వారం తిరగకుండానే సుమన ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆఫీసుకు ఉత్తమ సేవా షీల్డు వచ్చింది. ఇక్కడ ఎవరికీ సొంత చోటు లేదు కాబట్టి, షీల్డుకూ ఒక కుర్చీలో దస్తీ వేశారు.

అదే వేళకు ఎడపల్లిలో రేణుకమ్మ ఎండిన చెరుకు గట్టున నిలబడి ఫోన్ చెవిన పెట్టుకుంది. "నమస్కారం. మీ ఫోన్ మాకెంతో ముఖ్యం..."

ఆమె ముఖం వెలిగిపోయింది. "మన సుమన బిడ్డనే! ఎత్తింది! రాండ్రి, రాండ్రి!" అని పక్క చేన్లవాళ్లను కేకేసింది. అందరూ గట్టున దస్తీలు పరుచుకుని కూర్చుని, వంతులవారీగా తమ గోడు చెప్పుకున్నారు. ఆ గొంతు ఒక్కసారీ విసుక్కోలేదు. రేపు సూద్దామనలేదు.

"సూసిండ్రా," అంది రేణుకమ్మ గర్వంగా, "గింత ఓపికతోని మన మాట ఇన్నోళ్లు గా ఆఫీసుల ఇంతకుముందు ఎవలన్న ఉన్నరా?"