గజపతినగరంలో అనిమే మీట్

శనివారం ఉదయం గణపతిరావు గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. మొదటిసారి అలవాటు కొద్దీ. రెండోసారి, నలభై ఎనిమిదేళ్ళ మొహంలోంచి ఓ పదేళ్ళయినా రాలకపోతాయా అన్న ఆశ కొద్దీ. ఏళ్ళేమీ రాలలేదు గాని దవడ కింద చిన్న గాటు పడింది.

అద్దం ముందు నిలబడి సెంటు కొట్టుకుంటుంటే భార్య తాయారు గుమ్మంలోంచి చూసింది.

"ట్రైనింగుకి సెంటెందుకండీ?"

"పక్కన కూచునేవాళ్ళు కూడా మనుషులే కదా."

"నిన్నటిదాకా ఇస్కూల్లో ఆళ్ళు మనుసులు కారేటి?"

జవాబు లేని ప్రశ్నలకు గణపతిరావు పరీక్షల్లో మార్కులు వేసేవాడు గాని ఇంట్లో నిలబడేవాడు కాదు. క్యారేజీ అందుకుని బస్టాండుకు నడిచాడు. నడుస్తూ జేబులో పెన్‌డ్రైవ్ ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాడు.

విజయనగరంలో ఒక ఉన్నత పాఠశాలలో ఆయన ఇరవై రెండేళ్ళుగా తెలుగు మాస్టారు. ఆయనకో రహస్యం ఉంది. మూడేళ్ళ కిందట కూతురు హాస్టలుకు వెళ్తూ వదిలేసిన ట్యాబులో ఒక జపాను బొమ్మల ధారావాహిక కనబడింది. కుర్రకారు వాటిని అనిమే అంటారు. పేరు 'ఏడో అల'. హిసానో అనే బెస్తపిల్ల, అన్నను మింగేసిన సముద్రరాక్షసుణ్ణి వెతుక్కుంటూ తెడ్డు పట్టుకుని బయల్దేరడం కథ. ఒక్క భాగం చూద్దామని కూచుని తొమ్మిది చూశాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు రైలు పెట్టెల్లా పరుగెడుతుంటే ఆపి ఆపి తెలుగులో రాసుకున్నాడు. అదీ పుస్తకాల తెలుగు కాదు, శ్రీకూర్మం దగ్గర వాళ్ళమ్మ మాట్లాడిన తెలుగు. దాన్ని 'ఉత్తరాంధ్ర అనిమే సేన' అనే టెలిగ్రామ్ గ్రూపులో 'కెరటం' అన్న పేరుతో పెట్టాడు. అప్పటికి అందులో పదకొండు మంది. ఇప్పుడు మూడు వందలు.

ప్రతి గురువారం సాయంత్రం ఆ మూడు వందల మంది "కెరటం అన్నా, ఎంతసేపు?" అని ఎదురుచూస్తారు. తరగతి గదిలో ఆయన తెలుగు కోసం ఎదురుచూసేది గంట కొట్టే అటెండరు ఒక్కడే. అందుకని 'అన్నా' అన్నవాళ్ళకు తన వయసు తెలియకూడదని ఆయన పడే జాగ్రత్త అంతా ఇంతా కాదు. తెలిస్తే నవ్వుతారు. నవ్వి వెళ్ళిపోతారు.

ఇప్పుడా పిల్లలు ఒకసారి కలుసుకుందాం అన్నారు. గజపతినగరంలో డిగ్రీ చదివే త్రినాథ్ తన మావయ్యగారి ఫంక్షన్ హాలు మాట్లాడాడు. 'ఏడో అల' ఆఖరి భాగం పెద్ద తెర మీద వెయ్యాలనీ, దానికి తెలుగు మాటలు కెరటం తేవాలనీ తీర్మానించారు. గణపతిరావు రెండు రాత్రులు నిద్ర మానుకుని ఉపాయం ఆలోచించాడు. కెరటానికి జ్వరం. పెన్‌డ్రైవ్ ఇచ్చి వాళ్ళ బాబాయిని పంపించాడు. ఆ బాబాయి తనే. ఇంట్లో ట్రైనింగని చెప్పి వెళ్ళి, వెనక వరసలో ఓ మూల కూచుని, పిల్లల్ని కళ్ళారా చూసుకుని, మూడింటి బస్సుకు తిరిగొచ్చేయడం.

గజపతినగరంలో బస్సు దిగి హాలు సందులోకి తిరిగేసరికి ఆయన కాళ్ళు ఆగిపోయాయి. గేటు ముందు వంద మందికి తక్కువ కాకుండా జనం. అందులో అరవై దాటనివాళ్ళు అరుదు. కొందరి చేతుల్లో నీళ్ళ సీసాలు, కొందరి భుజాల మీద తువ్వాళ్ళు. జపాను బొమ్మలకు ఇంత వృద్ధ ప్రేక్షకవర్గం ఉందా అని ఒక్క క్షణం ఆయన గుండె పొంగింది. తర్వాత గేటు మీది ఫ్లెక్సీ కనబడింది.

'ఉచిత ఎనిమా శిబిరం. పరగడుపున రావలెను. అందరూ ఆహ్వానితులే.'

పక్కనే ఒక డాక్టరు బొమ్మ, నవ్వుతూ.

ఒక్క అక్షరం మారితే అర్థం తలకిందులవుతుందని ఇరవై రెండేళ్ళుగా మొత్తుకుంటున్న మనిషి, ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చెమట తుడుచుకున్నాడు.

గేటు లోపల ఒక సన్నపాటి కుర్రాడు ఫోన్లో అరుస్తున్నాడు. అదే త్రినాథ్. స్పీకరులోంచి ఫ్లెక్సీ షాపు ధనరాజు గొంతు నింపాదిగా వస్తోంది.

"తమ్ముడూ, నువ్వు ఇంగ్లీసులో తప్పు స్పెల్లింగు పంపినావు. నాను సరి సేసినాను. పదేళ్ళుగా మెడికల్ కేంపులకి ఫ్లెక్సీలు కొడతన్నాను, ఆమాత్రం తెలీదేటి నాకు? పరగడుపున రావాలన్న ముక్క మీరు మరిసిపోనారు. అది నానే ఏసినాను."

"అన్నా, మాది బొమ్మల మీటింగన్నా!"

"అలాగా? మరి నిన్న ఆటోకి మైకు కట్టి పది ఊళ్ళు తిప్పించీసినానే! ప్యాకేజీలో అదీ ఉన్నాది కదేటి."

త్రినాథ్ ఫోను కింద పెట్టి గణపతిరావును చూశాడు. "తాతా, మీరూ అందుకేనా?"

తాత అన్న మాట దవడ కింది గాటు కన్నా ఎక్కువ మండింది. "నేను కెరటం బాబాయిని. వాడికి జ్వరం. ఇదిగో పెన్‌డ్రైవు" అన్నాడు.

"అన్న రాలేదా!" అని కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూసి ఏడుపు మొహం పెట్టాడు.

ఇంతలో జనం గేటు తోసుకుని లోపలికి వచ్చేశారు. అందరికన్నా ముందు అసిరమ్మ ఉంది. చింతపల్లి తీరం నుంచి చేపలు తెచ్చి గజపతినగరం సంతలో అమ్మే మనిషి. డెబ్బై ఏళ్ళుంటాయి. సంతలో ఆవిడ గొంతు లేస్తే పక్క దుకాణాల వాళ్ళు బేరాలు ఆపుకుంటారు. ఆవిడ నేరుగా వేదిక పక్కన నిలబడ్డ ఝాన్సీ దగ్గరికి వెళ్ళింది.

ఝాన్సీ గ్రూపులో సభ్యురాలు. ధారావాహికలో ఓడ వైద్యురాలి వేషం వేసుకొచ్చింది. కాళ్ళదాకా తెల్లకోటు, వెండిజుట్టు విగ్గు, మెడలో స్టెతస్కోపు.

"డాట్రమ్మా, వయసులోనే తల నెరిసిపోనాదా, సదివీ సదివీ? నాకు ఐదు దినాలైనాది. ముందు నన్ను సూడు" అంది అసిరమ్మ.

"నేను డాక్టర్ని కాదమ్మా, ఇది వేషం."

"కాంపౌండరువా? పోనీలే. సెయ్యి సల్లనైతే సాలు."

గణపతిరావు ఉండబట్టలేక మధ్యలోకి వెళ్ళాడు. "అమ్మా, ఇది ఆ శిబిరం కాదు. ఇక్కడ బొమ్మల సినిమా ఏత్తారు, అంతే."

అసిరమ్మ వెనక్కి తిరిగి జనానికి చాటింపు వేసింది. "ముందల సినీమా సూపించి, అప్పుడు సేత్తారంట! కూకోండి, కూకోండి!"

జనం కుర్చీల్లో సర్దుకున్నారు. గ్రూపు పిల్లలు ముప్పై మంది గోడలకు అతుక్కుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి గోపి బయటికొచ్చాడు. గోపిది సముద్రరాక్షసుడి వేషం. నెల్లాళ్ళు కష్టపడి తయారుచేసుకున్నాడు. మొహానికి పచ్చ ముసుగు, ఒంటి చుట్టూ తోటకు నీళ్ళు పెట్టే పైపుతో చేసిన ఎనిమిది చేతులు. ఒక్కొక్కటీ బారెడు.

ఎనిమిది పైపుల్నీ జనం ఒకటొకటిగా లెక్కపెట్టారు.

"అంత లావు పైపే!" అన్నాడొక ముసలాయన వణుకుతూ.

"ఒకేపాలి ఎనమండుగురికి సేసీత్తారు గావాల" అంది ఇంకొకావిడ.

పదిహేను మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు వెళ్ళలేదు, కోపం తెచ్చుకున్నారు. పరగడుపున వచ్చాం, ఆటోలకు డబ్బులు పోసి వచ్చాం, వైద్యం చేస్తారా చెయ్యరా అని నిలదీశారు. తహసీల్దారుకు ఫోను చేస్తానని ఒకాయన లేచాడు. మూడో వరసలో తువ్వాలుతో మొహమంతా చుట్టుకున్న ఒక మనిషి మాత్రం కుర్చీ అంచున, పారిపోయేవాడిలా కూచున్నాడు.

"ఒరే త్రినాథూ, ముందు బొమ్మ వెయ్యి!" అన్నాడు గణపతిరావు. తరగతి గొంతు దానంతటదే వచ్చేసింది.

బొమ్మ పడింది. తెర మీద సముద్రం లేచింది, పడవలోంచి హిసానో ఏదో అరిచింది. అసిరమ్మ కళ్ళు చిట్లించి, "ఆ గుంట ఏటంతంది?" అని అడిగింది. త్రినాథ్ పెన్‌డ్రైవ్ తెరిచాడు. గణపతిరావు ఈసారి స్కూలు కంప్యూటర్లో పాత ఫాంటుతో టైపు చేసిన తెలుగు, ఆ ల్యాప్‌టాపులో ప్రశ్నార్థకాలుగా, గళ్ళుగా తేలింది. ఒక్క అక్షరం లేదు.

త్రినాథ్ మైకు తీసుకుని తోచింది చెప్పబోయాడు. "హిసానో తన సోదరుని కొరకు... అంటే అన్నయ్య కోసం... బాధపడుచున్నది."

"బాధపడుచున్నది!" గణపతిరావుకు ఒళ్ళు భగ్గుమంది. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన బుధవారమంతా కూచున్నాడు. వయసు, బాబాయి, జ్వరం, మూడింటి బస్సు అన్నీ మరిచిపోయి మైకు లాక్కున్నాడు.

"ఒరే అన్నా! నువ్ సచ్చిపోనావని ఊరంతా అన్నాది. నాను నమ్మనేదు. పొద్దున్నే నీ కంచం కడిగి బోర్లించినాను. బేగి రారా, కూడు సల్లారిపోతన్నాది!"

తహసీల్దారుకు ఫోను చేస్తున్నాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. గణపతిరావు కాగితం లేకుండా, తడబడకుండా, హిసానోకు హిసానోగా, ఓడ నడిపే ముసలి సరంగుకు సరంగుగా గొంతు మారుస్తూ చెప్పుకుపోయాడు. అసిరమ్మ తెరతో దెబ్బలాటకు దిగింది. "ఒసే, తెడ్డు అలా పట్టకే! పడవ తిరగబడిపోద్ది!" పడవ తిరగబడింది. "సెప్పినానా!" అని ఆవిడ అందరివైపూ చూసింది. అన్న పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది.

రాక్షసుడు నీళ్ళు చీల్చుకుని పైకి లేచే చోట గోపి ఉత్సాహం పట్టలేక చీకట్లోంచి ఎనిమిది పైపులతో తెర ముందుకు దూకాడు. హాలంతా కెవ్వుమంది. తువ్వాలు మనిషి పొట్ట పట్టుకుని పెరటివైపు పరుగెత్తాడు.

బొమ్మ అయిపోయింది. లైట్లు వేశారు. ముసలివాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. గోడల దగ్గరున్న పిల్లలు నెమ్మదిగా వచ్చి గణపతిరావు చుట్టూ మూగారు.

"ఆఖరి భాగం మాటలు కెరటం అన్న ఎవరికీ పంపలేదు" అన్నాడు త్రినాథ్. "మీకు నోటికెలా వచ్చు?"

గణపతిరావు మైకు కింద పెట్టాడు. "నేనే" అన్నాడు. "నలభై ఎనిమిదేళ్ళు నాకు. అబద్ధం చెప్పాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి."

ఝాన్సీ విగ్గు తీసి ఆయన్ని పరకాయించి చూసింది. "నలభై ఎనిమిదేనా?"

"అంటే?"

"మెసేజీల్లో మీరు కామాలు పెడతారు సార్. 'అట్లే కానిమ్ము' అని రాస్తారు. మేం డెబ్బై అనుకున్నాం, మీరు నొచ్చుకుంటారని అన్నా అన్నాం. మీరు పోయేలోగా ఒక్కసారి సూడాలనే ఈ మీటింగు పెట్టినాం."

గణపతిరావు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. అసిరమ్మ వచ్చి భుజం తట్టింది. "నాయినా, వైద్యం వొగ్గీ. మళ్ళీ శనివారం ఏటి ఆట?"

అప్పుడే పెరటి తలుపు తెరుచుకుంది. తువ్వాలు మనిషి తిరిగొచ్చాడు. తువ్వాలు ఇప్పుడు భుజం మీద ఉంది. మొహం తెల్లవారినట్టు ప్రశాంతంగా ఉంది. "అయిపోనాది! తొమ్మిది రోజులకి! పైపు లేకండానే అయిపోనాది!" అని రెండు చేతులూ ఎత్తి గోపికి దండం పెట్టి, ఇటు తిరిగాడు.

గణపతిరావు దిగ్గున లేచి నిలబడ్డాడు. ఆ మొహం ఆయన బడి హెడ్మాస్టరు సూరయ్యగారిది.

ఇద్దరూ కొంతసేపు ఒకరి చొక్కా గుండీలు ఒకరు చూసుకున్నారు.

"గణపతిరావుగారూ, మీ పెదనాన్నగారు పోయారని సెలవు పెట్టినట్టున్నారు?" అన్నారు హెడ్మాస్టరు.

"అవును సార్. మీరు కలెక్టరాఫీసులో మీటింగని ఆన్ డ్యూటీ రాసినట్టున్నారు?"

సూరయ్యగారు తువ్వాలు మడతపెట్టారు. విప్పి మళ్ళీ మడతపెట్టారు. "కార్యక్రమం బాగా జరిగిందా?"

"చాలా బాగా జరిగింది సార్. మీటింగు?"

"తృప్తిగా ముగిసింది" అన్నారాయన. రెండడుగులు వేసి ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ ఆ పిల్ల అన్న బతికే ఉన్నాడా? ఆ ముక్కప్పుడు నేను బయట ఉండిపోయాను."

గణపతిరావు చెప్పాడు. ఇద్దరూ మూడింటి బస్సులో పక్కపక్క సీట్లలో కూచుని, కథ మొదటి భాగం నుంచి చెప్పుకుంటూ విజయనగరం చేరారు.

సోమవారం ప్రార్థనలో హెడ్మాస్టరు సత్యవ్రతం మీద ఇరవై నిమిషాలు ప్రసంగించారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది తెలుగు మాస్టారు.