ట్రైలరెక్కిన గోమాత

సుందరరామయ్యకు ఆ ఉదయం ఉన్న పని చిన్నదే. సంతోష్‌నగర్‌లో ఉన్న ఆవును జల్‌పల్లిలో కట్టుకున్న కొత్త ఇంటికి చేర్చాలి. గడప మొదట ఆవు దాటాలి, వెనక భార్య హైమవతి వెళ్లి పాలు పొంగించాలి. భీమవరం నుంచి వచ్చి, సర్కారు ఆఫీసులో బండ్ల ఫైళ్లు చూస్తూ తల నెరిసి, గోడకు మేకు కొట్టాలన్నా ఇంటి ఓనరును అడుగుతూ బతికిన మనిషి. ఆయన సొంత గడప తొక్కే రోజు అది.

ఆ రోజు తప్పితే గతి లేదు. మర్నాటి నుంచి మూఢం, మళ్లీ శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. ఇటు చూస్తే అద్దె ఇంట్లోకి కొత్తగా వచ్చే ప్రకాశం కుటుంబం అప్పుడే సామాను దించుకుంటోంది. సుందరరామయ్య సామాను ముందు రోజే జల్‌పల్లిలో పక్కవాళ్ల రేకుల షెడ్డుకు చేరిపోయింది. ఇక్కడ మిగిలింది మనుషులూ, ఒక రుబ్బురోలూ.

ఆవు పాలు పోసే అంజన్నది, పేరు లచ్చి. రోజూ పొద్దున్నే హైమవతి గేటు దగ్గరకొచ్చి కుడితి తాగి వెళ్లడం దాని అలవాటు.

"నడిపిచ్చుకుంట తేవాల్నంటె నాతోని గాదమ్మా, పాలు పొయ్యాలె గద. బండిల తీస్కపోండ్రి. లచ్చి ఏం లొల్లి చెయ్యది" అని అంజన్న తాడు చేతికిచ్చి వెళ్లిపోయాడు.

బండి అనగానే సుందరరామయ్యకు ప్రాణం లేచొచ్చింది. వీధి చివర వెల్డింగ్ షెడ్డు డానియేలు దగ్గర రెండు ట్రైలర్లున్నాయి. ఒకటి జీపు వెనక కొక్కేనికి తగిలించేది. రెండోదానికి పొడుగాటి మెడ ఉంటుంది. ఆ మెడ పికప్ వ్యాను వీపు మీద, సరిగ్గా వెనక చక్రాల పైన కూర్చుంటుంది.

"ఆ మెడ ఉన్నదే ఇవ్వు డానియేలూ. బరువు నేరుగా చక్రాల మీద పడుతుంది కాబట్టి ఊగదు. కొక్కేనిదైతే కాస్త వేగం అందుకోగానే అటూ ఇటూ కొట్టుకుంటుంది."

"అది మస్తుగ నిలబడ్తది సార్. నిన్ననే దాంట్ల కోళ్లు తెచ్చిన, జర కడుగుత."

"కోళ్ల బండిలో గోమాతనా?" అంది హైమవతి. ఎన్ని బిందెలతో కడిగినా అది కోళ్ల బండే అని ఆవిడ తేల్చేయడంతో మెడ ట్రైలర్ కథ అక్కడితో ముగిసింది.

డానియేలు కొక్కెం ట్రైలరే జీపుకు తగిలించి తోలుకొచ్చాడు. "అయితే బరువు ముందుండాలి. వెనక పడిందా, బండి తోకాడిస్తుంది" అని సుందరరామయ్య గట్టిగా చెప్పాడు. ఈ సంగతి ఆయన ఆఫీసులో ఎవరూ అడగకపోయినా అందరికీ చెప్పేవాడు. లచ్చిని జీపు వైపు ముఖం పెట్టి నిలబెట్టాడు. రుబ్బురోలును దాని ముందుంచాడు. కాసేపు తన పనితనం తానే చూసుకుని మురిసిపోయాడు.

అప్పుడు అత్తగారు నాగమణమ్మ బయటికొచ్చింది.

"జల్‌పల్లి ఏ దిక్కు అల్లుడుగారూ?"

"దక్షిణమండీ" అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు.

"యముడి దిక్కుకి ముఖం పెట్టించి గోమాతని కొత్తింటికి తీసుకెళతారా?"

"మనమూ అటే చూస్తూ వెళతాం కదండీ."

"మనం గోమాతలమా?"

ఆవును వెనక్కి తిప్పారు. తలా, మెడా, రొమ్మూ వెనక్కి పోయాయి. "ఇప్పుడు రుబ్బురోలు మీద పేడ పడదూ?" అని హైమవతి అనుమానపడితే రోలు కూడా వెనక్కి చేరింది. తిక్కరేగిన లచ్చి కుదురుగా ఉండాలని వెనక పలకకు పచ్చిగడ్డి మోపు కట్టారు. దాంతో అది మరో అడుగు వెనక్కే వేసింది.

"ఇది తిరగబడుతుంది హైమా" అన్నాడు సుందరరామయ్య నీరసంగా.

"శుభమా అని బయల్దేరుతూ అవేం మాటలండీ?"

ఆయన జీపెక్కాడు. ఏం జరగబోతుందో తెలిసీ అక్షింతల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

చాంద్రాయణగుట్ట దాటి పల్లంలోకి దిగగానే ట్రైలర్ మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ఆ ఊపుకు జీపు వెనక భాగం కూడా వంతపాడింది. పక్కనుంచి ఆటోవాడు తొంగిచూసి, "ఓ భాయ్, పీఛే గాయ్ నాచ్‌రీ" అని వెనక ఆవు నాట్యం సంగతి చెప్పి పోయాడు.

"బ్రేకు వెయ్యకు డానియేలూ. మెల్లగా ఆక్సిలేటరు వదులు."

"నా మాట విని బ్రేకు వెయ్యి బాబూ" అంది నాగమణమ్మ.

డానియేలు పెద్దావిడ మాట విన్నాడు. ట్రైలర్ ఒక్క విసురు విసిరి, ముక్కు పైకెత్తి, కొక్కెంలోంచి ఊడి, రోడ్డు పక్కకు పోయి వెనక్కి చతికిలబడింది. పలక ఊడి మెట్టులా పరుచుకుంది. ముందు రుబ్బురోలు దొర్లుకుంటూ దిగింది. తర్వాత లచ్చి, చిన్న గీతైనా పడకుండా దిగి, మిగిలిన గడ్డి నింపాదిగా తినేసి, ఇంటిదారి పట్టింది.

సుందరరామయ్య పట్టుపంచె ఎగ్గట్టి వెంటపడ్డాడు. "లచ్చీ" అని పిలిచినప్పుడల్లా అది ఇంకాస్త జోరుగా నడిచింది. అటు జల్‌పల్లిలో పురోహితుడు ఎదురుచూస్తున్నాడు, ఇటు ముహూర్తం కరిగిపోతోంది. నడిరోడ్డు మీద ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

లచ్చి తిన్నగా రోజూ వచ్చే గేటు దగ్గరకే వచ్చింది. కుడితి తొట్టి కనిపించలేదు. వెతుక్కుంటూ గడప దాటి లోపలికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే లోపల ప్రకాశం భార్య పొయ్యి మీద పెట్టిన పాలు పొంగాయి.

రొప్పుతూ వచ్చిన సుందరరామయ్య చేతులు ప్రకాశం పట్టుకున్నాడు. "కిరాయి ఇంటికి గిట్ల ఆవును తోలిచ్చినోళ్లను నేనెన్నడు సూడలే సార్. మీరు దేవుడసొంటోళ్లు" అని తాంబూలం పెట్టి కాళ్లకు దండం పెట్టాడు.

ఆవు వెనుదిరిగిన ముహూర్తాన కొత్త గడప తొక్కితే అరిష్టమని నాగమణమ్మ తేల్చింది. ఇక శ్రావణమే. వీళ్ల అవస్థ చూసి ప్రకాశమే జాలిపడి ముందుగది ఇచ్చాడు. ఆ సాయంత్రం సుందరరామయ్య, చొక్కా తగిలించుకోవడానికి గోడకు ఒక మేకు కొట్టుకోవచ్చా అని అతన్ని అడిగాడు.

"బాధపడకండి అల్లుడుగారూ. పోతున్నప్పుడూ వస్తున్నప్పుడూ గోమాత ఒక్కసారైనా దక్షిణం చూడలేదు" అంది నాగమణమ్మ.