ఫ్రాన్సు దొర నిలబడిన చోటు

2003 ఆగస్టులో ఒక శనివారం బడి వదిలాక, మా ఎనిమిదో తరగతి కావ్య కుంట కట్ట మీద ఏటవాలు దగ్గర జారి నీళ్లలో పడింది. మాకు దక్కలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టివేయవలసిన వాణ్ని నేనే.

మూడో రోజున మా సర్పంచ్ అంజయ్యగారు మైకులో ప్రకటించారు: "వారం దినాలల్ల కట్టకు కంచె. ఇది అంజయ్య మాట!"

ఆయన మాట మీద నిలబడే మనిషి. ఐదో రోజుకే కంచెకు పాతే పన్నెండు రాతి కడీలు కట్ట దగ్గర దిగాయి.

ఆరో రోజున ఫ్రాన్సు నుంచి వచ్చిన, రచయితా సినిమా దర్శకుడూ అయిన ఒకాయన శామీర్‌పేట చెరువు చూడబోయి, దారి తప్పి మా కుంట దగ్గర కారు ఆపారు. పేరు బెర్త్రాన్ లొకూర్. ఇక్కడి వెలుతురు నచ్చిందని, ఏటవాలుకు ఎదురుగా, ఎగువన, కెమెరా పెట్టారు.

సర్పంచ్‌గారు వెంటనే కంచె పని ఆపించారు.

"కడీలు సినిమాల పడితే దేశం ఇజ్జత్ ఏమైతది సారూ? ముందుగాల దొరకు సన్మానం జేద్దాం. పత్రం మీరు రాయున్రి. ఇంతకు గాయన పెద్దోడేనా?"

"తొమ్మిది పుస్తకాలు రాశారట. మూడు సినిమాలు తీశారట."

"ఆడినయా?"

"అడగలేదండీ."

"మూడూ వంద రోజులు ఆడినయని రాయున్రి."

"మరి పుస్తకాలు?"

"అవి గూడ వంద రోజులే."

రాశాను.

సభలో లొకూర్‌గారు శాలువా సర్దుకుని ఇంగ్లీషులో మాట్లాడారు. తన సినిమాలు తమ దేశంలోనే ఎక్కువమంది చూడలేదన్నారు. పిల్లలు రోజూ ఆ ఏటవాలు మీదుగా బడికి వెళుతుంటే కెమెరాలో చూడటానికే భయమేస్తోందని, అక్కడ కంచె ఎందుకు లేదని అడిగారు. ఉన్నది ఉన్నట్టు సర్పంచ్‌గారి చెవిలో చెప్పాను. ఆయన విలేకరుల వైపు తిరిగారు.

"మన కుంట అందం జూసి దొరకు నోట మాట వస్తలేదంట!"

చప్పట్లు మోగాయి. నోట మాట రాకుండానే లొకూర్‌గారు ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడారు. నేను మైకు కోసం చేయి చాచేసరికి వందన సమర్పణ మొదలైంది.

దొర వెళ్లిన మర్నాడు కడీల సంగతి గుర్తు చేశాను.

"యాది మర్వలే సారూ. రేపు పొద్దుగాల వచ్చి చూడున్రి."

చూశాను. పన్నెండు కడీలూ పాతారు. ముళ్ల తీగ చుట్టారు. గేటు పెట్టి తాళం వేశారు. అన్నీ ఎగువన, మెరక మీద. మధ్యలో కెమెరా స్టాండు కాళ్లు దిగిన మూడు గుంతలు. పక్కన నల్లరాతి ఫలకం: 'ప్రపంచ ప్రఖ్యాత దర్శకులు నిలబడిన స్థలం'. కింద సర్పంచ్‌గారి పేరు, కొంచెం పెద్ద అక్షరాల్లో.

"మేకలు దొక్కుతయి సారూ, కాపాడుకోవాలె గద!" అన్నారాయన.

కూలికి పోతున్న కావ్య తల్లి సత్తమ్మ ఆగింది. తీగ పట్టుకుని లోపలికి చూసింది.

"గీడ ఎవలు పడ్డరు సారూ?"

"ఎవరూ పడలేదమ్మా."

ఆమె తీగ వదిలి కూలికి నడిచింది.

కొత్త కడీలకు అర్జీ పెట్టమని సర్పంచ్‌గారు సెలవిచ్చారు. పెట్టాను. ఇది మూడో ఏడు. ఉదయం, సాయంత్రం పిల్లల్ని కట్ట మీదుగా నేనే దాటిస్తున్నాను. కట్టకు కంచె ఇంకా వేయలేదు.