నేల మీద ఏడేళ్లు

హాంకాంగ్ ప్రజల నివాస హక్కుపై వందేళ్ల శాశ్వత విధానాన్ని మా విట్టకర్ దొరవారు మంగళవారం పదిన్నరకు, టీ కూడా తాగకుండా ప్రకటించారు. ఊళ్లో సగానికి పైగా భూమి మీద చైనా నుంచి దొరలు తీసుకున్న కౌలు ఇంకా ముప్ఫయ్యేళ్లే ఉందని ఎవరో గొణిగారు. దూరదృష్టి అంటే అదే మరి! నేను ఆయన దుబాసీని కాబట్టి రెండు భాషల తరఫునా చప్పట్లు కొట్టాను.

విధానం ఒక్క ముక్కే. నేల మీద ఏడేళ్లు ఉన్నవాళ్లే నివాసులు. వాళ్లకే కార్డు, కార్డు ఉంటేనే సర్కారు గది.

మొదటి దరఖాస్తు లో సామ్‌యీ అవ్వది. డెబ్బై ఏళ్లుగా రేవులో పడవ మీదే కాపురం. ఆ పడవ అడుగు చివికిపోయింది. పొద్దుటి నుంచి నీళ్లు తోడుతూ కూర్చుంటే గాని తేలదు.

"నీళ్ల మీద ఉన్న ఏళ్లు చెల్లవు," అన్నారు దొరవారు.

"నేను పుట్టిందిక్కడే దొరా! సరిగ్గా నీ కుర్చీ కింద. అప్పుడిదంతా సముద్రం. కొండ తవ్వి మట్టి పోసింది మీరేగా!"

దొరవారు వెంటనే సర్కారు మ్యాపు తెప్పించారు. అది పాతది. మా ఆఫీసు ఉండాల్సిన చోట నీలం రంగు, రెండు చేపల బొమ్మలు ఉన్నాయి.

"అయ్యో, అయితే ఈ కుర్చీలో నువ్వు కూర్చున్న పదకొండేళ్లూ చెల్లవా నాయనా?" అంది అవ్వ, నిజంగానే జాలిపడుతూ.

దొరవారు తొణికారా? తొణకలేదు. మూడు నిమిషాల్లో సవరణ రాయించారు: "అధికారులు కూర్చున్న నీరు నేలగా పరిగణించబడును."

"మరి నా నీళ్లో?"

"నువ్వు అధికారివి కావుగా!"

దుబాసీ కడుపుమంటను ఎవరూ తర్జుమా చెయ్యమనరు.

గురువారం అవ్వ మళ్లీ వచ్చింది. ఒళ్లంతా తడి, చంకలో పడవలవాళ్లను కాచే టిన్ హౌ అమ్మవారి బొమ్మ.

"పడవ మునిగింది దొరా. అడుగు నేలకానింది. ఇక లెక్క మొదలెట్టు."

దొరవారు ఆనందం పట్టలేక లేచి నా వైపు తిరిగారు. "చూశావా క్వాక్! రెండు రోజుల్లో జనం నేల మీదికి దిగొచ్చేస్తున్నారు!" అంతలోనే అవ్వ వైపు వేలెత్తారు. "పక్క పడవలో కునుకు తీశావో, లెక్క మళ్లీ మొదటికే!"

నేను ఫారంలో తేదీ వేశాను. దాని కింద ఇంకో గడి ఉంది: ఎన్నో అంతస్తు?

"ఎంత లోతులో ఉంది అవ్వా?"

"రెండు బారలు బాబూ."

అదే రాశాను. దొరవారు సంతకం పెట్టారు.