తిరుపతిరావు చదివిన రక్తపరీక్ష

జగ్గయ్యపేటలో కందిపప్పు హోల్‌సేల్ వ్యాపారం చేసే తిరుపతిరావుకు ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. కోడలు దేవిశ్రీ రక్త, మూత్ర పరీక్షల రిపోర్టు ఫోనుకు రాగానే నందిగామలో డాక్టరు సూసన్‌గారికి పంపాలి. కోడలికి ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉంది, రక్తం గడ్డకట్టే తీరు చూడాలంటూ ఆవిడ నిన్న పరీక్షలు రాసింది. ల్యాబువాళ్లు నంబరు అడిగితే, కోడలు నోరు విప్పేలోపే మామగారు తన నంబరు చెప్పేశాడు. ఇంటికి పెద్ద ఆయనే కదా మరి!

పదింటికి రిపోర్టు వచ్చింది. నలభై ఏళ్లు ధరల పట్టీలు చదివిన కళ్లకు అదెంత? రక్తం గడ్డకట్టే తీరు చెప్పే డి-డైమర్ ఉండాల్సినదానికి ఆరు రెట్లు, పక్కన పైకి బాణం. మూత్రంలో ప్రోటీను మూడు ప్లస్‌లు. ప్లేట్‌లెట్లకు మాత్రం కిందికి బాణం.

"ఇదిగో నాగేంద్రం, అన్నీ పైకే! ఒక్కటి పడిందనుకో, రేపు అదే లేస్తుంది. ఆ ప్రోటీనంతా మన పప్పుదేనే!" అన్నాడు భార్యతో.

"డాక్టరుగారికి పంపారా మామయ్యగారూ?" లోపల్నుంచి దేవిశ్రీ అడిగింది.

"బాగున్నదానికి ఆవిణ్ణి కదిలించడమెందుకమ్మా? తీరిగ్గా పంపుతాలే."

అంతలోనే వర్తకసంఘం వాట్సాప్ గ్రూపుకు మాత్రం తీరిక దొరికింది. కోడలి పేరు, వయసు, మూత్రంతో సహా రిపోర్టు నూట నలభైమందికి వెళ్లిపోయింది. కింద "మా పప్పు చలవ" అని రాశాడు. దండాలు, పూలబొమ్మలు కురిశాయి. కబురు తెలిసిన ఎదురింటి సీతారావమ్మ మరో నలుగుర్ని వెంటేసుకుని మైసూర్‌పాకుతో దిగింది. నాగేంద్రమ్మ దిష్టి తీస్తానంటూ కోడల్ని గుమ్మంలో కూర్చోబెట్టింది.

"తల పగిలిపోతోంది అత్తయ్యా. కళ్లు కూడా మసగ్గా ఉన్నాయి."

"దిష్టేనమ్మా. కొందరి కళ్లు అట్లాంటివి," అంది నాగేంద్రమ్మ, సీతారావమ్మను ఓరగా చూస్తూ.

అప్పుడు ఫోను మోగింది. గ్రూపులో ఉన్న మందుల షాపు ఆత్రేయ.

"బాబాయ్, ఆ రిపోర్టుకు సంబరాలేంటండీ! రక్తం గడ్డకట్టే లెక్కే తప్పింది. తల్లికీ బిడ్డకీ ప్రమాదం! అమ్మాయికి తలనొప్పేమైనా ఉందా?"

తిరుపతిరావు గుమ్మంవైపు చూశాడు. "ఉంది నాయనా."

"ఇప్పుడే నందిగామ బయల్దేరండి. డాక్టరుగారికి నేను చెప్తా."

కొడుకు రాజ్‌కిరణ్ కారు తోలుతూ, "నాకొక్క మాట చెప్పలేకపోయారా నాన్నా?" అన్నాడు. ముందు సీట్లో కూర్చున్న తిరుపతిరావుకు వెనక్కి తిరిగి కోడలి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఛీ, నా పెద్దరికం తగలెయ్య, అనుకుంటూ దారంతా తల దించుకునే ఉన్నాడు.

వెళ్లీ వెళ్లగానే ఆపరేషన్ చేశారు. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. సూసన్‌గారు బయటకు వచ్చేసరికి, వీరులపాడు నుంచి పరుగున వచ్చిన వియ్యంకుడు కిషోర్‌బాబు కూడా అక్కడే ఉన్నాడు.

"తల్లి గండం గడిచింది. పాప కేజీ ఆరొందలు, బాగానే ఉంది. ఇంకో గంట ఆగుంటే ఫిట్స్ వచ్చేవి. రిపోర్టు రాగానే మెడికల్ షాపతనికి చూపించారంట, ఎంత మంచిపని చేశారండీ!"

ఆ మెప్పు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. "చూపించలేదమ్మా. గొప్పలకు పోయి ఊరంతటికీ పంపా. మీకు తప్ప," అన్నాడు తిరుపతిరావు. వియ్యంకుడు విన్నాడు. వెళ్లి ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు. నాలుగు తిట్టుంటే బాగుండేది.

కాసేపటికి నర్సు పాపను తెచ్చి, "తాతగారెవరండీ?" అని అడిగింది.

తిరుపతిరావు తల ఎత్తకుండానే వియ్యంకుణ్ణి చూపించాడు.